వరద తీశాక రికార్డుల గదిలో: డెల్టాలోని ఒక గ్రంథాలయం కేస్ స్టడీ

కాగితం, తాటాకు రికార్డులను బాగుచేసే పని నాది. కృష్ణా, గోదావరి డెల్టాలోని ఒక పాత గ్రంథాలయంలో వరద తర్వాత మేం చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. ఊరు, ఏడాది, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న చిన్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. నీళ్లు ఎంత పాడుచేశాయి, నీళ్లు తీశాక జరిగిన తొందర ఎంత పాడుచేసింది అన్నది ఇక్కడ వేరువేరుగా కనబడింది. ఒకే గదిలో, ఒకే నీళ్లలో నానిన రెండు తాటాకు కట్టల్లో ఒకదాన్ని ఇవాళ చదవగలుగుతున్నాం. రెండోది ముక్కలైపోయింది. తేడా అంతా మొదటి రెండు మూడు రోజుల్లో ఏ కట్ట ఎవరి చేతిలో పడిందన్న దాంట్లోనే ఉంది.

నేపథ్యం

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డాక ఆ ఊపులో డెల్టా పల్లెల్లో ఎన్నో గ్రంథాలయాలు వెలిశాయి. అయ్యంకి వెంకట రమణయ్య వంటివాళ్లు ఊరూరా తిరిగారు, ఊళ్లవాళ్లు చందాలు వేసుకున్నారు. ఇదీ అలా పుట్టిందే. పెంకుటింట్లో మొదలై, తర్వాత ఒక దాత ఇచ్చిన స్థలంలో డాబాలోకి మారింది. ముందు హాలు పాఠకులకు, వెనక గది రికార్డులకు. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా హాలు నేలను లేపుకుంటూ వచ్చారు, వెనక గదిని మాత్రం అలాగే వదిలేశారు. దాంతో అది హాలుకన్నా రెండు మెట్లు పల్లంలో మిగిలింది. పాఠకులు రోజూ అడిగేవి హాల్లో ఉంటాయి, ఎవరూ అడగనివి వెనక్కి పోతాయి. ఇంకెక్కడా దొరకనివన్నీ అలా ఆ పల్లపు గదికే చేరాయి.

ఆ గదిలో ఏమున్నాయో చెబితేనే తర్వాతి నిర్ణయాలు అర్థమవుతాయి. ఆంధ్రపత్రిక, భారతి బౌండ్ వాల్యూములు. గ్రంథాలయం పుట్టినప్పటి నుంచి కమిటీ మినిట్స్ పుస్తకాలు. ఊరి కుర్రాళ్లు స్వాతంత్ర్యానికి ముందు చేత్తో రాసి, బొమ్మలు వేసి నడిపిన లిఖిత పత్రిక సంచికలు. ఒక కరణం గారి కుటుంబం ఇచ్చిన తాటాకు కవిలెలు, అంటే ఊరి శిస్తు లెక్కల కట్టలు, వాటితోపాటు స్టాంపు కాగితాలు. సభల ఫొటోలు. వార్షికోత్సవాలకు ఆర్ట్ పేపర్ మీద వేసిన సావనీర్లు. వీటన్నిటి జాబితా ఉన్న యాక్సెషన్ రిజిస్టర్లు స్టీల్ బీరువా అడుగు అరలో ఉండేవి.

సమస్య

కాలువకు గండి పడి రాత్రికి రాత్రి ఊళ్లోకి నీళ్లొచ్చాయి. వెనక గదిలో కింది మూడు అరలు మునిగాయి. ఒక రాత్రి, మర్నాడంతా నీళ్లు నిలిచాయి. మేం చేరేసరికి నీళ్లు తీసి ఒక పూట గడిచింది. నేలంతా ఒండ్రు, దానిమీద పంచాయతీ వాళ్లు చల్లిన బ్లీచింగ్ పౌడర్. అది ఊరి ఆరోగ్యానికి అవసరమే. కానీ అందులోని క్లోరిన్ తడి కాగితానికి తగిలితే సిరా వెలుస్తుంది, కాగితపు పీచు బలహీనపడుతుంది. గదిలో ఇంకా చల్లకుండా ఆపించి, చల్లినదాన్ని పారతో ఎత్తించి, మంచినీళ్లతో కడిగించడమే అక్కడ మా మొదటి పని అయింది.

తడి పుస్తకం నీళ్లను దారుణంగా పీలుస్తుంది. పాత కాగితమైతే తన బరువులో 80 శాతం దాకా, ఈ కాలపు కాగితం 60 శాతం దాకా తాగుతుంది. బిగుతుగా పేర్చిన అరల్లో పుస్తకాలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఇక్కడ ఇనప ర్యాకుల పక్క పట్టీలు బయటికి వంగిపోయి ఉన్నాయి. కొన్ని వాల్యూములు ఆ ఒత్తిడికి ముందుకు తన్నుకొచ్చాయి. అలాంటప్పుడు వెన్ను పట్టుకుని లాగితే అట్ట చేతికొస్తుంది, పేజీలు అరలోనే ఉండిపోతాయి. మేం పుస్తకాలను లాగలేదు. ర్యాకు నట్లు విప్పి పక్క పట్టీ ఊడదీశాం. ఒత్తిడి తగ్గాక చివరి పుస్తకం కిందికి రెండు చేతులూ పోనిచ్చి, దాని బరువు అరచేతుల మీద తీసుకుని ట్రేలోకి దించాం. తెరుచుకున్న పుస్తకాన్ని మూయలేదు, మూసుకున్నదాన్ని తెరవలేదు. తడి కాగితంలో బలం ఉండదు. పేజీ తిప్పి చూద్దామనుకుంటే ఆ పేజీ పోయినట్టే.

ఈలోగా డాబా మీద ఇంకో పని నడుస్తోంది. ఊరి యువకులు తెల్లారకముందే వచ్చి, నడుం లోతు బురదలో దిగి, చేతికందినవన్నీ పైకి చేరవేసి ఎండలో పరిచారు. అంత ప్రేమగా చేసిన పనిని ఆపమనడం కష్టమే. కానీ వాన వెలిశాక కాసే ఎండ చురుక్కుమంటుంది. పరిచిన వాటిలో కవిలె కట్ట ఒకటి ఉంది. మేం వెళ్లేసరికే దాని ఆకులు అంచుల నుంచి చుట్టుకుని, ఈనెల వెంట నిలువునా చీలుతున్నాయి. తాటాకు నీళ్లకు వెంటనే చావదు. తడిసిన ఆకు ఒక పక్క మాత్రం గబగబా ఆరినప్పుడే దానికి చావు. ఆ కట్టను నీడలోకి తెచ్చి, తడి గుడ్డ కప్పి ఆకులను మళ్లీ మెత్తబరచాలని చూశాం. అప్పటికే చీలినవి చీలిపోయాయి.

రెండో కవిలె కట్ట తడి గోనెసంచిలో చుట్టి ఉండి, వెనక వరండాలో మూలన ఎవరి కంటా పడలేదు. దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే దానికి మేలైంది.

మొదటి నిర్ణయం: ఆరబెట్టడం ఆపడం

వాలంటీర్లలో పెద్దవాడు గట్టిగానే అడిగాడు. "ఆరబెట్టకపోతే బూజు పడుతుందని మీరే అంటున్నారు. మళ్లీ ఆరబెట్టొద్దంటున్నారు. మరేం చేయమంటారు సార్?"

అతని ప్రశ్నలో న్యాయం ఉంది. మన కోస్తా ఉక్కపోతలో తడి కాగితం మీద రెండు రోజులకే బూజు మొదలవుతుంది, మూడో రోజుకు కంటికి కనబడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే అది పెరుగుతూనే ఉంటుంది. వరద వెళ్లిన వారంలో ఆ ఊళ్లో తేమ 80కి తగ్గిందే లేదు. ఆ గాలిలో అన్ని వేల పేజీలు నీడన ఆరడం కల్ల. ఎండలో పెడితే కాగితం మెలికలు తిరుగుతుంది, తాటాకు చీలుతుంది, సిరా పాలిపోతుంది. రెండు దారులూ మూసుకుపోయినప్పుడు మిగిలేది ఒక్కటే, గడియారాన్ని ఆపడం. తడి కాగితాన్ని మైనస్ 18 డిగ్రీలకు తీసుకెళ్లి గడ్డకట్టిస్తే బూజు నిద్రపోతుంది, సిరా పాకడం ఆగుతుంది, పేజీలు అంటుకోవడం ఆగుతుంది. బూజు చావదు, నిద్రపోతుందంతే. ఆ తర్వాత ఏది ముందు, ఏది వెనక అన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు. బాగుచేయడం తర్వాత, ముందు వ్యవధి సంపాదించాలి. ఈ కేసులో మిగతా నిర్ణయాలన్నీ దీన్నుంచే వచ్చాయి.

రెండో నిర్ణయం: ముందు వేటిని తీయాలి

కమిటీ కార్యదర్శి మాట స్పష్టంగా ఉంది. "భారతి వాల్యూములు ముందు తీయండి సార్. మా గ్రంథాలయానికి పేరొచ్చిందే వాటివల్ల."

నేను ఒప్పుకోలేదు. 1924 నుంచి వచ్చిన భారతి, అంతకుముందు నుంచీ ఉన్న ఆంధ్రపత్రిక చాలా వరకు ప్రెస్ అకాడమీ డిజిటైజేషన్‌లోకి ఎక్కాయి, వేరే గ్రంథాలయాల్లోనూ ప్రతులున్నాయి. ఈ వాల్యూములు పోతే ఊరికి బాధ, కానీ అందులోని రాత లోకంలో మిగిలే ఉంటుంది. లిఖిత పత్రిక ఉన్నది ఒక్క ప్రతి. మినిట్స్ పుస్తకాలూ అంతే, కవిలెలూ అంతే. ఏది గొప్పది అన్న ప్రశ్నతో మొదలుపెడితే తెగదు. పోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగితే వరుస దానంతటదే తేలుతుంది. దాని తర్వాత అడగాల్సింది ఏది ఎంతసేపు ఆగగలదు అని. ఆర్ట్ పేపర్ ఆగదు. దాని నునుపు పూత తడిసి జిగురవుతుంది, ఆరుతూ పక్క పేజీని పట్టుకుంటుంది, ఆ పైన విడదీయలేం. మామూలు అచ్చు పుస్తకం కాస్త ఆగుతుంది.

కార్యదర్శి కాసేపు మాట్లాడలేదు. అప్పుడు రిటైరైన లైబ్రేరియన్ మాస్టారు కల్పించుకున్నారు. "ఆయన చెప్పేది నిజమేనండీ. భారతి కావాలంటే ఇంకో ఊరెళ్లి చదువుకుంటాం. మన తాతలు చేసిన తీర్మానాలు ఎవరిస్తారు?" దాంతో తేలిపోయింది.

అందరికన్నా ముందు తీయించినవి మాత్రం ఇవేవీ కావు, యాక్సెషన్ రిజిస్టర్లు. చూడ్డానికి వాటికి చారిత్రక విలువ ఏమీ లేదు, అందుకే వాలంటీర్లకు వింతగా అనిపించింది. జాబితా పోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1973 జులై 12న అమెరికాలోని సెయింట్ లూయీలో సైనికుల సర్వీసు రికార్డుల కేంద్రం తగలబడింది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్లు పోయాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏ ఫైళ్లు ఉండేవో చెప్పే పూర్తి సూచిక కూడా లేదు. జాబితా లేని చోట పోయిన వస్తువుతోపాటు అది ఉండేదన్న సంగతి కూడా పోతుంది. బీరువా తాళం తుప్పుకు బిగుసుకుపోతే వెనక రేకు కోసి రిజిస్టర్లు బయటికి తీశాం.

ఇక క్రమం. ఏ ర్యాకు, ఏ అర, ఎడమ నుంచి ఎన్నోది అన్నది ట్రేతోపాటే వెళ్లాలని పట్టుబట్టాను. అరను కదిలించకముందే ఫోనుతో ఫొటో. ప్రతి ట్రేకి పెన్సిల్‌తో రాసిన చీటీ, ఎందుకంటే పెన్ను రాత తడికి కారుతుంది. ఇది పనిని సగానికి సగం నెమ్మదింపజేసింది, కొందరు విసుక్కున్నారు. క్రమం చెదిరితే ఏమవుతుందో చెప్పడానికీ ఒక ఉదాహరణ ఉంది. 2009 మార్చి 3న జర్మనీలోని కొలోన్ నగర ఆర్కైవ్స్ భవనం, పక్కనే మెట్రో పనులు జరుగుతుండగా, కూలిపోయింది. దాదాపు 30 కిలోమీటర్ల పొడవు అరల్లో ఉన్న రికార్డులు శిథిలాల కింద పడ్డాయి. 90 శాతానికి పైగా బయటికి తీయగలిగారు. కానీ ఏ ముక్క ఏ దస్తావేజుదో పోల్చి చేర్చే పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. విడివిడి తీర్మానాల కాగితాలు, కవిలెల విడి ఆకులు మా చేతిలో అలా కలిసిపోతే సరిచేయడానికి మా దగ్గర మనుషులూ లేరు, డబ్బూ లేదు.

చలి కోసం వెతుకులాట

మేం రాకముందే కమిటీ వాళ్లు కొన్ని ఆంధ్రపత్రిక వాల్యూములను మిర్చి కోల్డ్ స్టోరేజీకి పంపేశారు. ఆలోచన మంచిదే, చోటు సరైంది కాదు. మిర్చి గిడ్డంగుల్లో ఉష్ణోగ్రత సుమారు 4 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది. అక్కడ బూజు నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. కాగితం ఆరదు, గడ్డా కట్టదు. వారం పోయాక తెరిచి చూస్తే వెన్ను దగ్గర, గాలి తగలని చోట, బూడిద రంగు మచ్చలు బయల్దేరాయి. వాటిని వెనక్కి రప్పించాం.

పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లలో ఆరబెడదామన్నారు ఇంకొకరు. నవ్వి వదిలేయాల్సిన మాట కాదది. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లోరెన్సులో ఆర్నో నది పొంగి జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రికలు మునిగినప్పుడు నిజంగానే పొగాకు ఆరబెట్టే కొట్టాలకు చేర్చారు. అప్పటికి పుస్తకాలను గడ్డకట్టించే పద్ధతి వాడుకలో లేదు. ఉన్నదాంతో నెట్టుకొచ్చారు. ఆ వేడికి చాలా పుస్తకాలు గట్టి దిమ్మలయ్యాయి, తోలు అట్టలు ముడుచుకుపోయాయి. మన బ్యారన్లలో వేడిని అంత తక్కువలో నిలకడగా ఉంచడం తెలిసినవాళ్లు మాకు దొరకలేదు. వద్దనుకున్నాం.

డెల్టాలో మైనస్ 18 అంటే రొయ్యల ప్లాంట్లే. ఒక ప్లాంటు మేనేజరు మర్యాదగానే కాదన్నారు. "ఎగుమతి యూనిట్ అండీ ఇది. వరద బురద సరుకు లోపలికొచ్చిందంటే మా సర్టిఫికెట్ పోద్ది. ఆపైన నాలుగు వందలమంది పని పోద్ది." ఆ భయం సబబైనదే, వాదించలేదు. కానీ ఆయనే దారి చూపించారు. గడ్డకట్టిన సరుకును రేవుకు తీసుకెళ్లే రీఫర్ కంటైనర్లు (శీతల పెట్టెలు) వరద వల్ల ఖాళీగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని అద్దెకు ఇప్పించారు. డీజిల్ జనరేటర్‌తో సహా గ్రంథాలయం ఆవరణలోనే నిలిపాం.

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కుంది. రీఫర్ కంటైనర్ అప్పటికే గడ్డకట్టిన సరుకును అలాగే ఉంచడానికి తయారైంది. వేడి సరుకును చల్లార్చే బలం దానికి తక్కువ. తడి పుస్తకాలను ఒక్కసారే కుక్కితే లోపలి దొంతర్లు రెండు మూడు రోజులైనా గడ్డకట్టవు, ఆలోపు బూజు పని ముగించేస్తుంది. పైగా నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై పీచును చీలుస్తాయి. కాగితం దాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది, ఫొటోల మీది జిలటిన్ పొర ఓర్చుకోదు. అందుకని పుస్తకాలను చేపల ట్రేలలో వెన్ను కిందికి వచ్చేలా ఒకే వరుసగా పేర్చి, ట్రేల మధ్య ఖాళీ వదిలి, పూటకు కొద్దికొద్దిగా ఎక్కించాం. మొదటి దఫా లిఖిత పత్రిక, మినిట్స్, స్టాంపు కాగితాలు. రెండో దఫా సావనీర్లు. భారతి ఆ తర్వాత.

ఫొటోలను కంటైనర్‌లో పెట్టలేదు. చల్లటి మంచినీళ్ల తొట్లలో ఉంచి, ఒక్కొక్కటి విడదీసి, బొమ్మ పైకి ఉండేలా దోమతెర బట్టమీద ఆరబెట్టాం. తాటాకులనూ గడ్డకట్టించలేదు.

తాటాకు కట్ట

గోనెసంచిలో దొరికిన కవిలె కట్ట గురించి కాస్త వివరంగా చెప్పాలి. తాటాకు మీద రాత సిరా రాత కాదు. గంటంతో ఆకు పై పొరను గీరి, ఆ గీతల్లో దీపపు మసిని ఆకు పసరుతో కలిపి రుద్దుతారు. నీళ్లలో మసి కడుక్కుపోవచ్చు గానీ గీత పోదు. కాబట్టి ఆకులు ఖాళీగా కనబడినా కంగారు పడనక్కర్లేదు. కంగారంతా ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉండటం గురించే.

ముందు ఆకుల కొసలు కనబడేలా కట్టను పక్క నుంచి ఫొటో తీశాం. కట్టుతాడు తెంచకుండా, దాన్ని రంధ్రాల్లోంచి తీసేముందు అదే రంధ్రాల్లో సన్నటి వెదురు పుల్ల దూర్చాం. క్రమం జారకుండా అది కాచింది. లోతు లేని ట్రేలో మంచినీళ్లు పోసి కట్టను అందులో పెట్టాం. మెత్తటి కుంచెతో అంచులమీది ఒండ్రును తోస్తే, నీళ్లు మెల్లగా ఆకుల మధ్యకు దూరాయి. అంటుకున్న చోట పలచటి ప్లాస్టిక్ పట్టీని జారవిడిచి నీళ్లే విడదీసేదాకా ఆగాం. గట్టిగా లాగితే కింది ఆకు పై పొర మీది ఆకుతో లేచిపోతుంది, అక్షరం దాంతోపాటే పోతుంది. విడిన ఆకును అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన చెక్క పలక, దానిమీద తేలికపాటి బరువు. అద్దుడు కాగితాలు రోజుకు కొన్నిసార్లు మార్చాం. నీడలోనే, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా. పూర్తిగా ఆరాక నిమ్మగడ్డి నూనె పలచగా పూసి, మసి పోయిన చోట దీపపు మసి మళ్లీ రుద్ది తుడిస్తే శిస్తు లెక్కలు ఒక్కో వరసా నల్లగా పైకి తేలాయి. మాస్టారు వాటిని పైకి చదువుతుంటే పొలాల పాత పేర్లు కొన్ని ఇప్పటికీ అవేనని ఊళ్లోవాళ్లు గుర్తుపట్టారు.

ఎండలో పడిన మొదటి కట్టలో చీలికల మధ్య మిగిలిన ముక్కలను కవర్లలో సర్ది, నంబర్లు వేసి ఉంచాం. కొన్ని ముక్కల మీద అంకెలున్నాయి, అవి ఏ పొలానివో చెప్పే సగం లేదు.

గడ్డకట్టినవాటిని ఆరబెట్టడం

కంటైనర్ ఎన్నాళ్లైనా ఉంచవచ్చుగానీ అద్దె, డీజిల్ ఉంచనివ్వవు. ఇంటికి కొన్ని పుస్తకాలిచ్చి ఆరబెట్టిస్తే త్వరగా అవుతుందని ఊరి మహిళా సంఘం వాళ్లు ముందుకొచ్చారు. 1988 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాడ్‌లోని అకాడమీ ఆఫ్ సైన్సెస్ గ్రంథాలయం తగలబడి, ఆర్పడానికి కొట్టిన నీళ్లకు లక్షల పుస్తకాలు తడిసినప్పుడు, నగరవాసులు పుస్తకాలు ఇళ్లకు తీసుకెళ్లి ఆరబెట్టి తిరిగి తెచ్చి ఇచ్చారు. మనుషుల్ని నమ్మవచ్చని దానివల్ల తెలుసు. అయినా ఒక్కటే ప్రతి ఉన్న వాటిని గడప దాటించలేదు. నమ్మకం లేక కాదు, ప్రతి ఇంటి గాలీ తేమా వేరు కనుక. వేరే చోట దొరికే నవలలు, పాఠ్యపుస్తకాలు మాత్రం సంతకం పెట్టించుకుని ఇచ్చాం. పేజీల మధ్య ఏం పెట్టాలో, ఏ పూటకు మార్చాలో చేసి చూపించాం. వాటిలో దాదాపు అన్నీ చదివే స్థితిలో తిరిగొచ్చాయి. ఊరికి ఇది మా పని అన్న భావం ఏర్పడింది కూడా అప్పుడే.

అరుదైన వాటికి హాల్లో ఒక మూల గదిని సిద్ధం చేశాం. కిటికీలకు ప్లాస్టిక్ షీటు బిగించి, ఏసీ, డీహ్యుమిడిఫయర్ రెండూ పెట్టి, తేమను 50 శాతం దగ్గర నిలబెట్టాం. గోడకు తేమ కొలిచే మీటరు. పుస్తకాలను కొద్దిగా తీసి కరగనిచ్చి, పేజీల మధ్య అచ్చు పడని న్యూస్‌ప్రింట్ పెట్టాం. ప్రెస్సుల్లో రీలు చివర మిగిలే తెల్ల కాగితం చవగ్గా వచ్చింది. అచ్చయిన పాత పేపర్లు వాడితే ఆ మసి తడి పేజీకి ఎక్కుతుంది. తేమ పట్టిన కాగితాలను గదిలోనే పడేయకుండా ఎప్పటికప్పుడు బయటికి పంపాం. లేకుంటే అదే తేమ మళ్లీ గాలిలోకి వస్తుంది. పనిచేసేవాళ్లందరికీ గ్లవ్స్, ఎన్95 మాస్కులు తప్పనిసరి చేశాం. వరద నీళ్లలో మురుగు ఉంటుంది, బూజు ఊపిరితిత్తులకు చెడ్డది.

మినిట్స్ పుస్తకాలకు ఈ పద్ధతి చాలదు. తొలినాళ్ల పేజీలు అన్నభేది, కరక్కాయతో కాచిన నల్ల సిరావి. అవి నీళ్లకు కొంత పాకినా నిలబడ్డాయి. 1950ల తర్వాతి పేజీలు ఫౌంటెన్ పెన్ను నీలం సిరావి. అవి కరిగిన మరుక్షణం మళ్లీ కారడం మొదలెడతాయి. అంటే ఆ పేజీల్లో మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోవాలి. గాలి లాగేసిన శూన్యంలో ఆరబెడితేనే అది సాధ్యం. సెయింట్ లూయీ మంటల తర్వాత తడిసిన ఫైళ్లను ఒక విమాన తయారీ సంస్థ శూన్య గదిలో ఆరబెట్టారు. మనకు అందుబాటులో ఉన్నది పండ్ల ముక్కలను ఫ్రీజ్ డ్రై చేసే యూనిట్. పక్క రాష్ట్రంలో ఒకటి ఒప్పుకుంది, ఒక్క దఫాకే. ఖర్చు చూసి ఏవి పంపాలో తేల్చాల్సి వచ్చింది. నల్ల సిరా పుస్తకాలు ఉంచేశాం, నీలం సిరావి, లిఖిత పత్రిక రంగు బొమ్మలున్న సంచికలు పంపాం. థర్మోకోల్ పెట్టెల్లో డ్రై ఐస్ మధ్య వెళ్లాయవి. అక్కడ వేడిని పండ్లకు పెట్టేంత పెట్టొద్దని, పళ్లెం ఉష్ణోగ్రత బాగా తక్కువలో ఉంచమని ముందే మాట్లాడుకున్నాం. పొడిగా, కాస్త పెళుసుగా తిరిగొచ్చాయి. రాత ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. గడ్డకట్టకముందే కొట్టుకుపోయిన పేజీల్లో పక్క నుంచి వెలుతురు వేస్తే పాళీ ఒత్తిడి గీతలు కొన్ని చోట్ల కనబడ్డాయి. ఫొటోలు తీసి పెట్టాం. కొన్ని చోట్ల ఏమీ లేదు.

నిలవనివి

సావనీర్లలో చాలావరకు పోయాయి. కంటైనర్‌లోకి ఎక్కేలోపే వాటి పూత జిగురైంది. కరిగించి తడిగా ఉన్నప్పుడే విడదీద్దామని చూశాం, కొన్నిటిని ఆ ఒక్క దఫాలోనే పంపి శూన్యంలో ఆరబెట్టిన తర్వాత చూశాం. రెండు విధాలా బొమ్మలు పేజీ నుంచి పొరలుగా లేచొచ్చాయి. ఆ సావనీర్లలో ఊరి పెద్దల ఫొటోలు, దాతల జాబితాలు ఉండేవి. ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో అవే సావనీర్లు ఉంటాయేమోనని అడిగితే అటకల మీద నుంచి కొన్ని బయటపడ్డాయి. స్టాంపు కాగితాల మీద రబ్బరు ముద్రలు పూర్తిగా పాకిపోయాయి. ముద్ర మీది తేదీయే ఆధారమైన పత్రాలు ఇప్పుడు దేనికీ రుజువుగా నిలబడవు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

పిలుపు రాగానే ఇప్పుడు ఫోనులోనే మూడు మాటలు చెబుతాను: ఎండలో పరచకండి, పేజీలు తెరవకండి, తాటాకులను తడిగానే నీడలో ఉంచండి. మేం చేరేలోపు జరిగేదాన్ని మార్చగలిగేది ఆ ఫోనే. ఏ జిల్లాలో పనిచేస్తున్నా అక్కడ మైనస్ 18 ఎక్కడుంది, రీఫర్ కంటైనర్ ఎవరి దగ్గరుంది, జనరేటర్ ఎవరిస్తారు అన్నది వానాకాలానికి ముందే కనుక్కుని రాసుకుంటాను. వరద వచ్చాక అడిగితే ప్రతి ప్లాంటుకూ తన సరుకే ముఖ్యం.

గ్రంథాలయాలకు చెప్పేది ఇంకా సులువైనది. కింది అర నేల నుంచి ఒక అడుగు పైన మొదలవ్వాలి. ఆర్ట్ పేపర్ పై అరలకు పోవాలి, అచ్చు పుస్తకాలు కిందికి రావచ్చు. ఒక్క ప్రతి ఉన్నవేవో ఒక కాగితం మీద రాసి, ఏ అరలో ఉన్నాయో గుర్తుపెట్టి, దాని నకలు వేరే ఊళ్లో ఒకరి ఇంట్లో ఉంచాలి. యాక్సెషన్ రిజిస్టర్‌ను పేజీ పేజీ ఫోనుతో ఫొటో తీయడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఆ గ్రంథాలయంలో వెనక గది ఇప్పుడు ఖాళీగా ఉంది, రికార్డులు మేడ మీదికి వెళ్లాయి. ఆంధ్రపత్రిక వాల్యూములు కొన్ని ఇంకా గడ్డకట్టిన స్థితిలోనే ఒక ఐస్ ఫ్యాక్టరీ గదిలో ఉన్నాయి. డబ్బు కూడినప్పుడల్లా కొన్ని తీసి ఆరబెడుతున్నాం. అవి వేరే చోట దొరికేవే కాబట్టి ఆగగలవు. లిఖిత పత్రిక స్కానింగ్ పూర్తయింది, కవిలెల లెక్కలను మాస్టారు ఇద్దరు డిగ్రీ విద్యార్థులతో కలిసి తిరగరాయిస్తున్నారు.